పందొమ్మిదో వారం

రోజు 2926

గాలి జల్లెడలు దులిపే వంతు ఈ ఉదయం నాది. మొత్తం పన్నెండు జల్లెడలు. మా ఊరు ఎర్రదిబ్బలో ఈ వంతు ఎవరికీ తప్పదు, నాలాంటి కన్యస్త్రీకి కూడా. ఎనిమిదో జల్లెడ దగ్గర ఉండగా లూర్దురాణి వచ్చి నిలబడింది. ఆమెకు ముప్పై మూడేళ్ళు, ఆకుకూరల గదిలో పని. ఎదుటివాళ్ళు పనిచేస్తుంటే చూస్తూ ఉండే మనిషి కాదు, చేతిలోది లాక్కుని తానే చేసే రకం. ఇవాళ మాత్రం గోడకు ఆనుకుని నిలబడింది.

“సిస్టర్, రావాల్సింది రాలా. పదిహేను రోజులు దాటింది,” అంది.

నేను బ్రష్ కింద పెట్టాను. ఇద్దరం వైద్యశాలకు నడిచాం. నేను అక్కడ నర్సును. పరీక్ష కాగితం మీద రెండు గీతలు వచ్చాయి. ఇంకెవరికైనా అయితే ఆ గీతలు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళం. అంగారకుడి మీద ఆరువందల నలభై మందిమి ఉన్నాం, ప్రతి పుట్టుకా మాకు పండగే. కానీ ఆరేళ్ళ క్రితం కూతురు సెలీనా పుట్టినప్పుడు లూర్దురాణి గుండె కండరం దెబ్బతింది. ఇంకో కాన్పు తట్టుకోలేదని డాక్టర్ స్వరూప అప్పుడే కాగితం మీద రాసి ఇచ్చింది.

సాయంత్రం నా గదిలో ఆమె పట్టిక తీసి చూశాను. మా విచారణలో, అంటే ఈ గుడి పరిధిలో, పెళ్ళయిన ఆడవాళ్ళకు ఒంటి వేడి కొలిచి, పట్టిక రాసి, బిడ్డ నిలవని రోజులు లెక్కగట్టడం నేర్పేది నేనే. పదమూడో రోజు వేడి పెరిగింది. మూడు రోజులు అలాగే ఉంది. అండం విడుదలైపోయిందనుకుని, ఇక భయం లేదని పక్కన నేనే టిక్కు పెట్టాను. అంచున నా చేతిరాతే ఇంకో మాట ఉంది: “దగ్గు”. ఆ వారం దుమ్ము లోపలికి వచ్చి సగం మందికి దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. ఆ వేడి జ్వరానిది. నేను చూసుకోలేదు.

రోజు 2928

డాక్టర్ స్వరూప స్కాన్ చేసింది. ఏడో వారం. గుండె కొట్టే బలం ముప్పై తొమ్మిది శాతం. మామూలు మనిషికి అరవై ఉండాలి.

“ఇయ్యాలనే గోళీలిస్త,” అంది డాక్టర్. “రెండు రోజుల్ల అయిపోతది. ఇంకో నెల ఆగితే ఇంత అల్కగ ఉండది.”

“ఒద్దు డాక్టరమ్మా,” అంది లూర్దురాణి.

“ఎందుకొద్దు? ఫాదర్ ఏమన్న అంటడనా?”

“ఫాదర్ సంగతి కాదు. తెర మీద గుండె కొట్టుకుంటంది గదా, చూశా. నాకు మనసొప్పట్లా.”

ఆమె భర్త ఇన్నయ్య మంచు తవ్వే చోట పనిచేస్తాడు. తవ్వకం నుంచి నేరుగా వచ్చాడు, బూట్లకు ఎర్రదుమ్ము ఉంది. “ఉంచుకుంటే ఏమయిద్ది?” అని అడిగాడు.

“నెలలు నిండుతున్నకొద్ది ఒంట్ల రక్తం పెరుగుతది. ఇరవై ఎనిమిదో వారం దాక పెరుగుతనే ఉంటది. ఆ బరువు ఈ గుండె మొయ్యలేదు. భూమి మీద అయితే ఇంక ముందే ఆగేది. ఇక్కడ అన్నిటికీ బరువు తక్కువ గద, కొన్ని దినాలు ఎక్కువ నడుస్తది. అంతే.”

భూమికి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. వచ్చే ఓడకు ఇంకా పద్నాలుగు నెలలు ఉంది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక డాక్టర్ నా వైపు తిరిగింది. “రెండేండ్ల కింద చెయ్యికి కడ్డీ పెట్టిచ్చుకుంటనని నా దగ్గరికొచ్చింది సిస్టర్. ఐదేండ్లు కడుపొస్తదన్న రంది లేకుంటుండె. ఫాదర్‌ని ఒక మాట అడిగొస్తనని పోయింది, మళ్ళ రాలే. లెక్కలు కట్టి తప్పించుకుంటె మంచిదంటరు, కడ్డీ పెట్టి తప్పించుకుంటె పాపమంటరు. రెండిట్ల కోరుకునేది ఒక్కటే గద. నాకు సమజ్ కాదు.”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. భార్యాభర్తల కలయికలో ప్రేమనూ, ప్రాణం పోసే శక్తినీ మనిషి తన చేత్తో విడదీయకూడదని, ప్రకృతి తానే విడిచిన రోజులను వాడుకోవడం వేరని, పెళ్ళి పాఠాల్లో ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. నేను నమ్మే చెబుతున్నాను. కానీ ఆ పట్టిక నా జేబులో ఉంది. ఆ మాట అనకుండా స్కాన్ యంత్రం తుడవడం మొదలుపెట్టాను.

రోజు 2931

పూజ అయ్యాక ఫాదర్ రాయప్ప నీళ్ళ గదిలో పంపు విప్పుకుని కూర్చున్నారు. మాకు ఉన్న ఒక్క గురువూ ఆయనే, ఉన్న ఇద్దరు పంపు మేస్త్రీల్లో ఒకరూ ఆయనే. నేను విషయం చెప్పాను. చేతిలోని రబ్బరు చుట్టను పక్కన పెట్టారు.

“ఆ కడ్డీ వద్దన్నది నేనే,” అన్నారు.

“గుండె సంగతి మీకు చెప్పిందా ఫాదర్?”

“చెప్పింది. బలహీనంగా ఉందంది. ఎంత బలహీనమని నేను అడగలేదు. సిస్టర్ దగ్గర పట్టిక నేర్చుకో అని పంపేశాను. రెండు నిమిషాల్లో అయిపోయింది ఆ మాట.”

నా తప్పు అప్పుడే చెప్పేయాలనిపించింది. ముందు చెప్పాల్సింది ఈయనకు కాదని ఆగాను.

ఫాదర్ తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టారు. తల్లిని బతికించడానికైనా సరే, బిడ్డ ప్రాణం తీయడమే పనిగా చేసేది ఏదీ కూడదు. తల్లి జబ్బుకు వైద్యం చేస్తుంటే బిడ్డకు అపాయం వస్తే అది వేరు, ఆ వైద్యం చేయవచ్చు. బయట బతకగల బిడ్డను, తల్లికి ప్రాణం మీదికి వస్తే, నెలలు నిండకముందే బయటికి తీయవచ్చు.

“బయట బతకగల బిడ్డ అంటే ఎన్నో వారం ఫాదర్?” అన్నాను.

“మా రోజుల్లో ఇరవై మూడు, ఇరవై నాలుగు అనేవాళ్ళు.”

“మరి మేకల కొట్టం గౌసియా దగ్గర పిండాలను పెంచే సంచి ఉంది కదా?”

ఆయన తలెత్తి చూశారు.

రోజు 2940

మేకల కొట్టం నుంచి పాలు తెచ్చే పని కావాలనే అడిగి తీసుకున్నాను. కొట్టం చూసేది గౌసియా. మా మేకలు ఓడల్లో నడిచి వచ్చినవి కావు. మంచులో గడ్డకట్టించిన పిండాలుగా వచ్చాయి. మొదటి మందను గౌసియా సంచుల్లోనే పెంచింది. లోపల గోరువెచ్చని ఉమ్మనీరు, పేగునాళానికి గొట్టం, ఆ గొట్టంలో రక్తం, గాలి. మనుషుల కోసం చేసిన సంచి ఒకటి కిందటి ఓడలో వచ్చింది. పెట్టె ఇంకా విప్పలేదు. పెట్టె మీద “ఇరవై రెండో వారం నుంచి” అని రాసి ఉంది.

“ఇంకా ముందు పెడితే?” అని అడిగాను.

గౌసియా పాల చెంబు పక్కన పెట్టింది. “మేకల్లో పెట్టా సిస్టర్. మొదటి నుంచీ సంచిలోనే నాటుకున్నవి కాదు, సగంలో తల్లి కడుపులోంచి తీసినవి. తల్లి నడుము విరిగినప్పుడు, గొంతు వాచినప్పుడు. మనుషుల లెక్కలో చెప్పాలంటే పందొమ్మిది ఇరవై వారాలవి ఏడు పెట్టా. నాలుగు బతికినయి. ఆ నల్లది, చెవి తెగింది, అది వాటిల్లోదే.”

“పద్దెనిమిది వారాలవి?”

“రెండు. రెండూ పోయినయి. నాళం దారంలా ఉంటది. గొట్టం దూరదు.”

“ఇంకా సన్నటి గొట్టం ఉంటే?”

“ఉంటే చూద్దుము. ఎవరి కోసం?” అని అడిగి, నా ముఖం చూసి తనే ఆగిపోయింది. తర్వాత మెల్లగా అంది: “మేక వేరు, మనిషి వేరు సిస్టర్. నన్ను నమ్మి ఎవరికీ మాటియ్యకండి.”

రోజు 2948

ఇవాళ లూర్దురాణికి నిజం చెప్పాను. తోటకూర ట్రేలకు నీళ్ళు పెడుతోంది. పట్టిక తీసి ఆమె ముందు పెట్టి, పదమూడో రోజు మీద వేలు పెట్టాను. “ఇది జ్వరం. నేను చూసుకోలేదు. నీకు భయం లేదని చెప్పింది నేను. తప్పు నాది,” అన్నాను.

ఆమె పట్టిక వైపు సరిగా చూడను కూడా చూడలేదు.

“నాకు తెలుసు సిస్టర్.”

“ఏం తెలుసు?”

“ఆ రోజు ఒళ్ళు వెచ్చగా ఉందని. జ్వరమేమో అనిపించింది. మీకు చెబితే ఇంకో వారం ఆగమంటారు. మూడు నెలలు ఆయన తవ్వకంలోనే ఉన్నాడు, ఆ రోజే ఇంటికొచ్చాడు. నవ్వుతా వచ్చాడు. నేను చెప్పలా, అంతే. మీరు టిక్కు పెట్టారు గదాని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.”

తర్వాత నా చేతికి నీళ్ళ గొట్టం అందించింది. “ఆ చివర రెండు ట్రేలు మీరు తడపండి, నాకు ఆయాసం వస్తంది,” అంది.

మూడు వారాల నుంచి నా ఛాతీ మీద కూర్చున్నది ఏదో లేచి పక్కకు జరిగింది. పూర్తిగా వెళ్ళిపోలేదు. అయినా ఈ పూట అన్నం రుచి తెలిసింది.

రోజు 2955

వైద్యశాలలో అందరం కూర్చున్నాం. డాక్టర్, ఫాదర్, గౌసియా, నేను, లూర్దురాణి, ఇన్నయ్య. పదకొండో వారం. ముప్పై ఎనిమిది శాతం.

డాక్టర్ గోడ మీద ఒక గీత గీసింది. “ముప్పై. దీనికన్న కిందికి పోతే నేను ఎవల మాట ఇన. తీసేస్త.”

“పందొమ్మిదో వారం దాకా ఆగగలిగితే సంచిలో పెట్టొచ్చు,” అన్నారు ఫాదర్. “బతుకుతుందన్న ఆశతో బయటికి తీస్తే అది కాన్పు. చచ్చిపోతుందని తెలిసీ తీసి, సంచిలో పెట్టాం కదా అనుకుంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడం. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో నాకు తెలియాలి.”

“గీతలు గీసుకుంట కూసుంటె ఈమె పాణం పోతది ఫాదర్,” అంది డాక్టర్. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

అప్పుడు లూర్దురాణి బల్ల మీద అరచేత్తో కొట్టింది. “నన్నెవరూ అడగరేం?”

అందరం ఆమె వైపు తిరిగాం.

“నేనేం పునీతురాల్ని అవ్వాలనుకోవట్లా. చచ్చిపోయి పటంలో కూర్చోవాలనీ లేదు. నాకు ఆరేళ్ళ పిల్ల ఉంది. దాన్ని వదిలిపోను. అట్టని దీన్నీ చంపలేను. డాక్టరమ్మా, నా గుండెకి ఏ మందు కావాలంటే ఆ మందెయ్యండి, బిడ్డకి మంచిది కాకపోయినా సరే. ఫాదర్, అది తప్పా?”

“తప్పు కాదమ్మా. అది నీ జబ్బుకు వైద్యం.”

“అయితే పందొమ్మిది దాకా మొయ్యనీండి. నా వల్ల కాకపోతే నేనే చెబుతా.”

“నువ్వు చెప్పేలోపు పడిపోతే?” అన్నాడు ఇన్నయ్య. అంతసేపటిలో అతను నోరు విప్పడం అదే. “నాకు నువ్వు గావాలి. డాక్టరమ్మా, ఇది పడిపోయిందంటే నన్ను అడగొద్దు, ఫాదర్‌నీ అడగొద్దు, తీసెయ్యండి. అది పాపమైతే నా మీద రాయమనండి.”

ఫాదర్ తల వంచుకున్నారు. లూర్దురాణి భర్త వైపు కోపంగా చూసింది. చూస్తూనే అతని చెయ్యి పట్టుకుంది, గది దాటేదాకా వదల్లేదు.

రోజు 2975

ఫాదర్ భూమి మీద ఉన్న మా బిషప్పు, మేత్రాణుల వారికి రాశారు. ఇక్కడి మాట అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు చాలు. జవాబు రాయడానికి మేత్రాణుల వారి కార్యాలయానికి పదిహేడు రోజులు పట్టింది. జవాబులో మూడు ప్రశ్నలున్నాయి. సంచిని ఇంతకుముందు మనుషులకు వాడారా? మేకలు ఏ జాతివి? తల్లి సమ్మతి రాతపూర్వకంగా ఉందా?

ఫాదర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నా చేతిలో పెట్టారు. “మేకల జాతి రాసి పంపుతాను,” అన్నారు. నవ్వలేదు.

లూర్దురాణికి పద్నాలుగో వారం, ముప్పై ఐదు శాతం. ఆకుకూరల గదిలో ఆమె పనిని నలుగురు పంచుకున్నారు. ఆమె మాత్రం కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చుని, మెంతికూర ఎలా కోయాలో అందరికీ చెప్పి చంపుతోంది.

రోజు 2996

పదిహేడో వారం, ముప్పై రెండు. పాదాలు వాచాయి. మూడు దిండ్లు పెడితే గాని పడుకోలేకపోతోంది. డాక్టర్ మందులు మార్చింది. వాటిలో ఒకటి బిడ్డ ఎదుగుదలను తగ్గించవచ్చని ముందే చెప్పి మరీ ఇచ్చింది. లూర్దురాణి సెలీనాను వేరే చోట ఆడుకోమని పంపి మింగింది.

ఇవాళ్టి నుంచి రేడియో లేదు. మాకూ భూమికీ మధ్య సూర్యుడు అడ్డం వచ్చాడు. రెండేళ్ళకోసారి వస్తాడు, మూడు వారాలుండి పోతాడు. మేత్రాణుల వారి నుంచి ఇంకే మాటా రాలేదు. వచ్చినా ఇక వినబడదు.

గౌసియా సన్న గొట్టం తయారు చేస్తోంది. సెలైన్ గొట్టాన్ని వేడి చేసి లాగుతుంది, తెగుతుంది, మళ్ళీ లాగుతుంది. ఇప్పటికి నలభై తెగాయట.

రోజు 3005

పద్దెనిమిది వారాల రెండు రోజులు. ఇరవై తొమ్మిది శాతం. డాక్టర్ గీసిన గీత దాటిపోయింది.

డాక్టర్ చేతి తొడుగులు వేసుకుని మళ్ళీ తీసేసింది. “నిన్నటి మందు ఇంకొంచెం పెంచి చూస్త. ఒక్క దినం. ఊపిరితిత్తులల్ల నీళ్ళు చేరితే ఆగేది లేదు సిస్టర్.”

ఫాదర్ వచ్చారు. మోచేతుల దాకా పంపు నూనె ఉంది, కడుక్కోవడం మరిచిపోయారు. లూర్దురాణి కళ్ళు మూసుకుని జపమాల పట్టుకుని ఉంది. పూసలు జరుగుతున్నాయో లేదో తెలియడం లేదు. ఫాదర్ మంచం పక్కన నేల మీదే కూర్చున్నారు.

“డాక్టర్ గారూ,” అన్నారు. “మీరు వినరని తెలుసు, అయినా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఏ క్షణాన ఇక ఆగకూడదని మీకు అనిపిస్తే ఆ క్షణాన బయటికి తీయండి. ఇవాళైనా సరే. గౌసియా సంచి సిద్ధంగా పెట్టుకుని పక్కన ఉండాలి. బిడ్డను బతికించడానికి చేయగలిగింది అంతా చేయాలి. అది ఒక్కటే నేను అడిగేది.”

“పద్దెనిమిదిల మేకలు రెండూ చచ్చినయన్నది గద గౌసియా?”

“చచ్చాయి. ఇప్పుడు ఆమె దగ్గర సన్న గొట్టం ఉంది. ఆశ చిన్నదే. చిన్నదైనా అబద్ధం కాదు. రోమ్ నుంచి మాట వచ్చేదాకా ఆగలేను. నేను తప్పయితే దేవుడి ముందు నేను చెప్పుకుంటాను. ఈ అమ్మాయి మీద వేయను. ఒకసారి వేశాను, చాలు.”

డాక్టర్ ఆయనకు నూనె తుడుచుకోవడానికి తువ్వాలు అందించింది. ఎనిమిదేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య అంత మర్యాద నేను చూడలేదు.

రోజు 3007

మందు పట్టింది. ఇరవై తొమ్మిది దగ్గరే ఆగింది. ఒక రోజు గడిచింది. ఇంకో రోజు.

ఇన్నయ్య తవ్వకానికి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో చేసేదేమీ లేక గోడలన్నీ తుడిచాడు.

రోజు 3012

పందొమ్మిది వారాల రెండు రోజులు. పొద్దున్న తొమ్మిదికి లూర్దురాణి నా మణికట్టు పట్టుకుని, “సిస్టర్, ఇంక నా వల్ల కావట్లా,” అంది. మాట మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు. ఇరవై ఆరు.

డాక్టర్ కోసింది. నేను పనిముట్లు అందించాను. గౌసియా మోకాళ్ళ మీద కూర్చుంది, ఆమె చేతుల ఎత్తులో సంచి. ఉమ్మసంచి పగలకుండా బిడ్డ బయటికి వచ్చింది, నా అరచేతిలో పట్టేంత. ఆడపిల్ల. చర్మం లోంచి నరాలన్నీ కనిపిస్తున్నాయి. గౌసియా పొర చీల్చగానే నేను మూడు చుక్కల శుద్ధజలం ఆ తల మీద వేసి, తల్లి ముందే చెప్పి ఉంచిన పేరుతో మార్త అని జ్ఞానస్నానం ఇచ్చాను. అంతకుమించి సమయం ఇవ్వనని గౌసియా ముందే చెప్పింది.

మొదటి గొట్టం దూరలేదు. రెండోది దూరి జారిపోయింది. గౌసియా పళ్ళతో తన పెదవి కొరుక్కుంది, రక్తం వచ్చింది. మూడోది నిలిచింది. గొట్టంలో ముదురు ఎరుపు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. తెర మీద గుండె ఎనభైకి పడింది, అరవైకి పడింది. డాక్టర్ చేతులు తల్లి కడుపులో ఉన్నాయి, చూపు మాత్రం తెర మీదే ఉంది. తర్వాత ఎనభై, నూట పది, నూట నలభై.

“నిలబడ్డది,” అంది గౌసియా. గట్టిగా అనడానికి భయపడి గొణిగింది.

బయట ఫాదర్, ఇన్నయ్య ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికే ఉన్నారని చెప్పాను. ఇన్నయ్య లేచి, మళ్ళీ కూర్చుని, “ఇద్దరూనా?” అన్నాడు. నేను మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పాల్సి వచ్చింది.

రోజు 3016

సూర్యుడు తప్పుకున్నాడు. రేడియో వచ్చింది. పది రోజులుగా పంపుతూ వచ్చిన మేత్రాణుల వారి ఉత్తరం ఒక్కసారిగా నాలుగుసార్లు అచ్చయింది. ఫాదర్ నీళ్ళ గదిలో నిలబడి చదివారు. విషయం రోమ్‌కు పంపాం, పండితులు చూస్తున్నారు, తీర్పు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు అని మొదట ఉంది. తర్వాత మేత్రాణుల వారు సొంత చేతిరాతతో రెండు వాక్యాలు రాశారు: “ఆ తల్లి మంచం పక్కన మీరున్నారు, మేం లేం. మీరు ఏం చేసి ఉంటారో తెలియదు గానీ, భయపడి కాకుండా ప్రేమించి చేసి ఉంటారని నమ్మి మీ ముగ్గురి కోసం ప్రార్థిస్తున్నాను.”

“ముగ్గురంటే ఎవరు ఫాదర్?” అన్నాను.

“తల్లీ, బిడ్డా, నేనూ కాబోలు,” అన్నారు. అప్పుడు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కూర్చుండిపోయి ముఖం కప్పుకున్నారు. నేను పంపు చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆయన లేచేదాకా కదల్లేదు.

రోజు 3043

లూర్దురాణికి ముప్పై ఆరు శాతం. వాపు తీసింది. ఒక్క దిండు మీద పడుకుంటోంది. రోజూ సంచి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని మార్తకు ఊళ్ళో సంగతులు చెబుతోంది. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, ఎవరి ట్రేలో పురుగు పట్టింది, అన్నీ.

డాక్టర్ ఇవాళ నాతో అంది: “ఏడో వారంలనే గోళీలు ఇయ్యాల్సుండె అని నేను ఇప్పటికీ అంట సిస్టర్. ఇది అదృష్టం. అదృష్టాన్ని నేను రూల్ చేసి ఇంకొకళ్ళకు చెప్ప.”

“చెప్పొద్దు,” అన్నాను. “ఏడో వారంలో ఆ బిడ్డ బిడ్డ కాదని నేనూ చెప్పను.”

“గట్లనే ఉందాం,” అంది డాక్టర్. ఇద్దరం కలిసి టీ తాగాం.

రోజు 3139

ముప్పై ఎనిమిదో వారం. ఉదయం పూజ అయ్యాక సంచి విప్పారు. గౌసియా గొట్టం బిగించి కోసింది. మార్త నోట్లోంచి నీళ్ళు వచ్చాయి, ముఖం ఊదారంగుకు తిరిగింది. అప్పుడు ఏడ్చింది. మేకపిల్ల గొంతులా ఉందన్నాడు ఇన్నయ్య. ఆ మాట గౌసియా అనలేదు గనక సరిపోయింది. సెలీనా చెవులు మూసుకుని, “ఎంతసేపు ఏడుస్తది?” అని అడిగింది. ఇంకో రెండేళ్ళు అన్నాను.

లూర్దురాణికి నలభై ఒక శాతం. బిడ్డను గుండెల మీద పెట్టుకుని అరగంట కదల్లేదు. తర్వాత ఫాదర్‌ను రమ్మని కబురు పెట్టింది.

“ఫాదర్, మళ్ళీ ఇట్టా జరగకూడదు. ఏం చెయ్యమంటారో చెప్పండి.”

ఫాదర్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. “తిరుసభ చెప్పేది నీకు తెలుసమ్మా. దాన్ని మార్చే అధికారం నాకు లేదు, మారిందని అబద్ధం చెప్పను. కిందటిసారి రెండు నిమిషాల్లో తేల్చేశాను. ఈసారి ముందు నీ గుండె సంగతి డాక్టర్ గారి నోట పూర్తిగా వింటాను. ఆ తర్వాత మీ ఇద్దరూ మీ మనస్సాక్షి ముందు కూర్చోండి. మీరు ఏ నిర్ణయానికి వచ్చినా ఈ గుడి తలుపు మీకు మూసుకోదు. ఆ మాట మాత్రం నేను ఇవ్వగలను.”

వాళ్ళు నలుగురూ డాక్టర్ గదిలోకి వెళ్ళారు. లూర్దురాణి గుమ్మం దగ్గర ఆగి, “సిస్టర్, మీరూ రండి, పట్టిక మీకే గదా తెలుసు,” అంది.

“పట్టిక డాక్టర్‌కి ఇచ్చేశాను. తప్పు రాసిన రోజు చుట్టూ సున్నా చుట్టి మరీ ఇచ్చాను,” అన్నాను. “మీరు మాట్లాడుకోండి. పిల్లను నాకివ్వు.”

తలుపు వేసుకున్నారు. లోపల గంటన్నర మాట్లాడుకున్నారు. ఏం అనుకున్నారో నేను అడగలేదు, ఇక్కడ రాయను. బయటికి వచ్చేటప్పుడు ఇన్నయ్య ముందు నడిచాడు, వెనక డాక్టర్, ఫాదర్ ఏదో పంపు గురించి వాదించుకుంటూ వచ్చారు. లూర్దురాణి ముఖం కడుక్కుని వచ్చినట్టు తేటగా ఉంది.

ఆ గంటన్నరా నేను మార్తను ఎత్తుకుని నడవాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. పిల్ల ఒకసారి తుమ్మింది, రెండుసార్లు ఆవులించింది. భూమి మీద అయితే రెండున్నర కిలోలు ఉండేది. ఇక్కడ కిలో కూడా తూగదు. అయినా చేతులు నొప్పి పుట్టేదాకా దించలేదు.